ఫొటోలోని తాళంచెవి

"మీరే తియ్యండి మేడం," అంటూ పనిమనిషి భూదేవి కూతురు శిరీష ఎర్రటి ప్లాస్టిక్ తాళంచెవిని అరుంధతి చేతిలో పెట్టింది.

తార్నాకలోని తన ఫ్లాటు తలుపుకు అరుంధతి విసుగ్గా దాన్ని పెట్టి తిప్పింది. తాళం తెరుచుకుంది.

"అయితే మీ అమ్మ దగ్గర ఇంకో తాళంచెవి ఉందన్నమాట."

"పది రోజుల సంది గిదే మాట. మా అమ్మ దగ్గర ఏదీ లేదు మేడం. కొత్త ఇల్లని మీరు తాళంచెవి పట్టుకొని నెట్‌ల ఫొటో పెట్టిండ్రు కదా. గా ఫొటో చూసి మా క్యాంపస్ ల్యాబ్‌ల త్రీడీ ప్రింటర్ మీద చేసిన."

"ఫొటో చూసి చేసేస్తారా?"

"తాళంచెవి పళ్లు సాఫ్‌గ కనిపిస్తే చాలు. మూడొందల మంది లైక్ కొట్టిండ్రు. గా మందిల ఎవరైనా చెయ్యొచ్చు."

అరుంధతి ఎర్ర తాళంచెవిని తలుపులోంచి బయటికి లాగింది. పది రోజుల కిందట ఇంటి తాళం పగలకుండానే బీరువాలోని బంగారు గాజులు పోయాయి. ఇంట్లోకి వచ్చేది భూదేవి ఒక్కతే కదా అని ఆమెను పనిలోంచి తీసేసింది.

"మీ అమ్మను రేపట్నుంచి రమ్మను."

"రాదు మేడం. మీరు అపార్ట్‌మెంట్ గ్రూపుల దొంగ అని పెట్టినంక మిగతా నాలుగిండ్లు గూడ మాన్పించినయి. దొంగ కాదని గాడనే పెట్టండి. గందుకే వచ్చిన."

అరుంధతి ఫోన్ తీసింది. 'భూదేవి' అని రాసి ఆగింది. పక్కన 'గారు' అని చేర్చి, మిగతాది రాయడం మొదలుపెట్టింది.