ముందే వెళ్ళిన పెట్టె

“అమ్మా, తుపాను దారి మళ్ళిందంట! రెండు రాష్ట్రాల సరిహద్దు గొడవలు మరిచి గుడియాత్తం బజారంతా రేడియో కాడనే ఉండారు” అంటూ చంద్రశేఖరం పరుగున వచ్చాడు.

కిటికీకి గోనెపట్టా కడుతున్న కస్తూరమ్మ నిచ్చెన దిగింది.

కొత్తకోడలు కోమలకు ఆ సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. తుపానని ఇల్లు సర్దే హడావిడిలో, కొత్త చీరలున్న తన పెట్టెను అత్త బండెక్కించి పరదరామికి పంపిందట. పక్కింటి మునియమ్మ ఇప్పుడే చెవిలో ఊదిపోయింది. పరదరామి కోమల పుట్టిల్లు. ఇవాళ పెట్టె పోయింది, రేపు తనా?

“అత్తా, నా పెట్టె యాడ?”

“మీ అమ్మ ఇంట్లో ఉండాది.”

“నేనేం తప్పు చేసినాను?”

“పిచ్చిదానా! పెళ్ళయిన తొలి ఏడు తలదీపావళికి పుట్టింటికి పోవాల గదా! నాకూ అప్పుడు ఇట్లనే తుపానొచ్చె. ‘గుడ్డలు తడుస్తాయి, వచ్చే ఏడు పోదాం’ అనె మీ మామ. రెండో ఏడు పోతే అది తలదీపావళి అవుతుందా? అందుకే నీ గుడ్డలు ముందే పంపినా. ఇంక ఈసారి మీ మామ ఏం సాకు చెప్తాడో చూస్తా!”

కోమల ఏడవబోయి నవ్వేసింది.

“చంద్రా, ఏమిరా చూస్తా నిలబడినావు? రేపు తొలి బస్సుకే మీరిద్దరూ పరదరామికి పోతాండారు. తుపానో, మీ నాయనో మళ్ళీ మనసు మార్చుకోకముందే!”