గొడుగు గొంతు

"మళ్ళీ పెట్టు," అంది అక్క.

సౌండమ్మాయి మళ్ళీ పెట్టింది. స్పీకర్లోంచి ఒక బొంగురు గొంతు విసుక్కుంది. "జరుగు. ఇంకా జరుగు. ఇదంతా నీ జాగీరా? సిగ్గు లేదూ?"

ముగ్గురే పనిచేసే ఆ స్టూడియోలో ఎవరూ నవ్వలేదు. బయట మాత్రం జనం పడీపడీ నవ్వుతున్నారు. వాళ్ళ కామెడీ గేమ్‌కి వానాకాలం కోసం చేసిన అదనపు భాగం శుక్రవారం విడుదల. రుచి చూపించడానికి నిన్న వదిలిన అర నిమిషం ముక్కలో, తన కింద నిలబడ్డ హీరోని తిట్టిపోసే గొడుగే అందరికీ నచ్చింది.

నటి వచ్చేదాకా ఏదో ఒక గొంతు పెట్టుకుని, దాన్నిబట్టి అక్క బొమ్మలకు నోళ్ళు కదపడం అక్కడ మామూలే. ఈసారి ఆ గొంతు తీసేయడం మరిచిపోయారు. అది ఎవరిదో కూడా తెలియదు.

"మనిషి సంతకం లేకుండా గొంతు వాడుకోలేం. రేపటికి కాగితం రాకపోతే గొడుగు ఎగిరిపోయినట్టే," అంది అక్క.

"రైటర్‌గారూ, ఫైలు పెట్టింది మీరేగా?" అని అడిగింది సౌండమ్మాయి. వాళ్ళిద్దరికీ పెళ్ళయి మూడు నెలలు. ఇంట్లో నువ్వు, ఆఫీసులో రైటర్‌గారు.

"నేనే. ఎక్కడిదో పాతది," అన్నాడతను పెన్ను మూత నములుతూ. "టీ తెస్తా."

పొద్దున్నుంచీ అది ఆరో టీ. నిద్ర చాలట్లేదంటే కొత్త పెళ్ళికొడుకు కదాని అక్క ముసిముసిగా నవ్వి ఊరుకుంది.

నటి వచ్చి అవే మాటలు నాలుగు రకాలుగా చెప్పింది. గొడుగు కాస్తా మర్యాదస్తురాలైపోయింది.

"పాతదాంట్లో నిజంగా ఒళ్ళు మండుతోంది," అని నిట్టూర్చింది అక్క. "నీ చెవికి ఏం తడుతోందే?"

సౌండమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "యాభై దాటిన మనిషి. నోరు ఆరిపోయుంది. ఈవిడతో ఎవరు కాపురం చేస్తున్నారో గానీ, దణ్ణం పెట్టాలి."

రైటర్‌కి పొలమారింది.

"వెనక గుడ్డ ఒరుసుకుంటున్న చప్పుడు. ఫ్యాను. మూడు తిప్పులకోసారి టిక్కంటోంది. ఇది పడగ్గది, అక్కా." అన్నాక ఆమెకే ఎలాగో అనిపించింది.

"గొడుగుని తీసేద్దాం. వేరేది రాస్తాను," అన్నాడు రైటర్.

తను రాసిన కామా తీసేసినా మూడు రోజులు అలిగే మనిషి అతను. సౌండమ్మాయికి అసలేమీ అర్థం కాలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, చెమట ఆరుతుందని ఫ్యాను వేసింది. ఇన్నాళ్ళూ అలవాటైపోయి వినబడని చప్పుడు ఇప్పుడు వినబడింది. మూడు తిప్పులు. టిక్. మూడు తిప్పులు. టిక్.

మంచం మీద కూలబడింది. గుమ్మంలో అతను చెప్పులు విడుస్తున్నాడు.

"ఆవిడ మన గదిలోకి వచ్చింది," అంది. "అత్తయ్యా?"

"మా అమ్మ జన్మలో ఎవర్నైనా తిట్టిందా?"

"మరెవరు? నేను మా ఇంటికి వెళ్ళిన వారంలో వచ్చిందా?"

"ఆ వారం ఇల్లు ప్రశాంతంగా ఉంది," అనేసి నాలిక కరుచుకున్నాడు.

"అంటే నేనున్నప్పుడే వచ్చిందా?"

"రోజూ."

అరవాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఈ ఇంట్లో ఉన్నవి రెండు గదులు. తన చెవులు పిల్లి అడుగులు కూడా పట్టేస్తాయి. మరి ఒక మనిషి రోజూ వచ్చిపోతుంటే ఎలా తెలియకుండా పోయింది?

అతను వచ్చి, అలవాటు కొద్దీ మంచానికి ఓ అంచున, పడీపడనట్టు కూర్చున్నాడు. సంచీలోంచి అనుమతి కాగితం తీశాడు. అన్నీ నింపి ఉన్నాయి, సంతకం ఒక్కటే ఖాళీ.

"నవ్వొచ్చి ఫోన్లో పట్టుకున్నా. అడక్కుండా వాడటం తప్పే. చెబితే చిన్నబోతావని నోరు రాలేదు," అంటూ పెన్ను మూత తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు నిద్రలో మాట్లాడతావు."