ఉత్తరం అడిగిన దొరసాని

విమానం ఐదు గంటలు ఆలస్యమని తెలిసి, ఆ జర్మన్ ఆవిడ శంషాబాద్ విమానాశ్రయం బయటికొచ్చి కరుణ్ క్యాబ్ ఎక్కింది.

ఎక్కడికని అడిగితే, దగ్గర్లో మనుషులుండే ఊరేదైనా చూపించమంది.

అరవై దాటిన మనిషి. నలిగిన నూలు చొక్కా, మామూలు చెప్పులు, భుజాన గుడ్డసంచి.

కరుణ్‌కు వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా నోరు ఊరుకోదు. మామిడిపల్లి దారి పట్టేలోగా చెల్లెలి సంగతంతా చెప్పేశాడు.

చెల్లెలు నర్సు. జర్మనీలో ఒక ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది. ఆమె చదువు అక్కడ చెల్లుతుందని ఆసుపత్రి ఉన్న రాష్ట్ర ప్రభుత్వం ఒక్క కాగితం ఇవ్వాలి. ఏడు నెలలైనా అది రాలేదు. పరిశీలనలో ఉందని ఒక ఉత్తరం మాత్రం వచ్చింది. నెలాఖరు దాటితే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఏ రాష్ట్రమని ఆవిడ అడిగింది. కరుణ్ తడుముకుంటూ పేరు చెప్పాడు.

ఆవిడ సీట్లో ముందుకు జరిగి, ఆ ఉత్తరం చూడొచ్చా అంది.

కరుణ్ బండి ఇంటికి తిప్పాడు.

చెల్లెలు డ్యూటీలో ఉంది, ఫోన్ ఎత్తలేదు. ఇంట్లో తండ్రి ఉన్నాడు, పేరు ఆనందం. చర్చిలో సంఘ పెద్ద. ఆయన ఎరిగినంతలో ఆ ఊరికొచ్చిన తెల్లవాళ్ళంతా ప్రార్థన చేయడానికే వచ్చారు. ఈవిడ మాత్రం ఇంకెందుకు వస్తుంది?

అంతే, నలుగురినీ కేకేశాడు. చూస్తుండగానే చర్చిలో చాపలు పరిచారు. ఆవిడ మెడలో దండ వేశారు.

కరుణ్ తండ్రి చెవిలో చెప్పాడు. "బాపు, ఆమెకు ప్రార్థన చేసుడు రాదట. చెల్లె ఉత్తరం చూపియ్యమంటున్నది."

ఆనందం మురిసిపోయాడు. "గొప్ప సేవకులు గట్లనే తగ్గించుకుంటరు బిడ్డా. నువ్వు జర ఊకో."

ఉత్తరం ఎక్కడో లేదు. ఆవిడకు రెండడుగుల దూరంలో, బైబిలు పెట్టే బల్ల మీది గుడ్డ కిందే ఉంది. బిడ్డ కోసం ఆనందం ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన మొదలుపెట్టి అక్కడ ఉంచాడు. ఆ రోజు పద్నాలుగోది. మధ్యలో బయటికి తీస్తే దేవుడి మీద నమ్మకం లేనట్టేనని ఆయన పట్టుదల.

ఆవిడ మళ్ళీ అడిగింది. కనీసం దాని మీది నంబరైనా చెప్పమంది.

ఆనందం ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కింటి ముసలమ్మ తల మీద పెట్టాడు. ఇక మోకాళ్ళ నొప్పులవాళ్ళు, పరీక్ష తప్పినవాళ్ళు, కోడలితో పడనివాళ్ళు వరుస కట్టారు. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా ఆడవాళ్ళు పాట అందుకున్నారు.

పాపం, ఆవిడ విసుక్కోలేదు. ఒక్కొక్క తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. నువ్వెవరమ్మా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

తిరుగు దారిలో ఆవిడ మూడోసారి అడిగింది, ఉత్తరం ఫొటో అయినా ఉందా అని. లేదన్నాడు కరుణ్. చెల్లెలికి మళ్ళీ ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

తన చేతిలో ఇంకా నాలుగు రోజులే ఉన్నాయంది ఆవిడ. సెలవులేమో అనుకున్నాడు కరుణ్.

దిగేటప్పుడు, చెల్లెలి పేరేమిటని అడిగి, చిన్న పుస్తకంలో రాసుకుంది.

సాయంత్రం చెల్లెలు ఇంటికొచ్చి, సంగతి విని అడిగింది. "ఉత్తరం చూపిచ్చిన్రా, బాపు?"

"దొరసాని ప్రార్థనే చేసిపోయింది. ఇగ ఉత్తరమెందుకు?" అన్నాడు ఆనందం.

వారం తిరక్కుండా జర్మనీ ఆసుపత్రి నుంచి మెయిల్ వచ్చింది, సుమలత గారికి అంటూ.

ఆ పిల్ల సర్టిఫికెట్లలో సుమలత. బాప్తిస్మం నాడు పెట్టిన పేరు సునీల. ఇంట్లోవాళ్ళు, ఊరివాళ్ళు ఆ పేరుతోనే పిలుస్తారు. అసలు పేరు అన్నకే గుర్తుండదు.

తమ రాష్ట్ర ఆరోగ్య మంత్రి పదవి దిగిపోయారని, కొత్తవాళ్ళొచ్చి కుదురుకునేదాకా ఏ ఫైలూ కదలదని, ఆ ఉద్యోగం వేరొకరికి ఇస్తున్నామని, క్షమించమని రాశారు. కింద మంత్రి వీడ్కోలు వార్త జత చేశారు.

సునీల ఏడుస్తూనే దాన్ని తెరిచింది. భుజం మీదుగా ఫొటో చూసిన కరుణ్ ఒక్కసారిగా ముందుకు వంగాడు.

"ఏమైందిరా?" అన్నాడు ఆనందం.

"గా దొరసానే, బాపు," అన్నాడు కరుణ్.

సునీల జర్మన్‌లో చదువుతూ తండ్రికి తెలుగులో చెప్పింది. ఆమె ఒకప్పుడు వార్డులో నర్సు. తర్వాత నగర కౌన్సిల్ సభ్యురాలు, శాసనసభ్యురాలు, తొమ్మిదేళ్ళు మంత్రి. తీరని పని ఏదైనా మిగిలిందా అని చివరి రోజు విలేకరులు అడిగారు.

ఒక్కటి మిగిలిందట: "హైదరాబాద్ దగ్గర సునీల అనే నర్సు ఉంది, ఆమె కాగితం మీద సంతకం పెట్టి దిగిపోదామని నాలుగు రోజులు మా ఆఫీసంతా వెతికించాను, ఆ పేరుతో ఒక్క ఫైలూ దొరకలేదు."