శిక్షకుడు వేయించిన గారెలు

శిక్షణ విమానం కొండను గుద్దుకుని మా అబ్బాయి ప్రద్యుమ్న చనిపోయాడు. కింద నుంచి వాడికి దారి చెప్పింది ఒక శిక్షణ యంత్రం. విచారణ ముగిశాక దాన్ని ఇళ్ళలో వంటపనికి ఇచ్చేశారు. నేను పట్టుబట్టి దాన్నే తెచ్చుకున్నాను.

ఈ రోజు వాడి తద్దినం. గారెలు దానిచేతే వేయిస్తూ, ఏటా అడిగేదే అడిగాను.

"ఆఖరున వాడేమన్నాడు?"

"'ఎదురుగా కొండ ఉంది సార్, పైకి లేపనా' అన్నాడమ్మా."

"నువ్వేమన్నావు?"

"వద్దన్నాను."

యంత్రంలోని పాత జ్ఞాపకాలు తుడవడానికి వచ్చిన మెకానిక్ గుమ్మంలో తటపటాయించాడు. "రెండు నిమిషాల పనండి. అందరూ తుడిపించుకుంటున్నారు."

"మాకక్కర్లేదు బాబూ."

"తుడవనివ్వండమ్మా" అంది యంత్రం. అది నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

"మరి వచ్చే ఏడు తద్దినానికి ఎవరు చెబుతారు?" అన్నాను. "గారెలు మాడుతున్నాయి, తియ్యి."