ఊఁ కొట్టేదెవరు?

మా లైబ్రరీలో పుస్తకాలన్నీ గోడౌనుకి తోలేసి, కథలు చదివి వినిపించే కంప్యూటరొకటి పెట్టారు. "ఒక కథ మొత్తం విని చూడండి మేడమ్" అని, బిగించినాయన చీకటి పడ్డాక చక్కా పోయాడు.

కథ మొదలైంది. ఖాళీ బీరువాల వెనకనుంచి ఎవరో "ఊఁ" అన్నారు.

ఊఁ కొట్టడం కూడా మిషనే చేస్తోంది కాబోలు, మనిషితో ఇంక పనేముందని ఒళ్లు మండింది. ఇంతలో ఇంకో "ఊఁ". ఈసారి చాలా గొంతులు కలిశాయి.

గబుక్కున కంప్యూటర్ ఆపేశాను. అయినా "ఊఁ... ఊఁ..." అంటూ తొందరపెడుతున్నారు.

ఎంత భయమైనా ఉద్యోగపు అలవాటు చావదు కదా! "నిశ్శబ్దం! ఇది లైబ్రరీ అనుకున్నారా, సంత అనుకున్నారా?" అని కసిరాను.

అంతా ఒక్కసారిగా సద్దుమణిగింది.

కాసేపటికి, నా చెవి పక్కనే, ఎంతో మర్యాదగా ఒక గుసగుస.

"తర్వాతేమైందండీ?"