నాగలత కూలి

అశ్వారావుపేట పామాయిల్ తోటలో నాగలత, ఆమె భర్త సాంబయ్య కలిసే గెలలు మోసేవారు. ఇద్దరి కూలి సాంబయ్యే తీసుకునేవాడు. ఇంటికొచ్చి ఆమెది ఆమె చేతిలో పెట్టేవాడు.

అతను చనిపోయాక మొదటిసారి తనే వెళ్లి తీసుకుంది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

"ఏంది సారూ గిది? ఆయన పోయిండని నా కూలి తగ్గిస్తరా?"

తోట యజమాని తెల్లబోయాడు. "తగ్గించడమేంటి? నువ్వు చేరినప్పటి నుంచీ ఆడకూలి ఇంతే. మగకూలిలో సగం."

"మా ఇద్దరికీ సమానమే గద సారూ!"

"అలా ఎవరన్నారు?"

మా సారు ఆడామగా తేడా చూడడని ఇన్నాళ్లూ ఊరంతా గొప్పగా చెప్పుకుంది తను. ఇంట్లో మాత్రం సాంబయ్యను దెప్పేది.

"మీసాలున్న మొగోనివి, నువ్వు గూడా నా అంతనే తెస్తవేంది?"

అతను నవ్వి ఊరుకునేవాడు.