రాక్షసుడి మాటలు

“టీవీ నువ్వు పెడతావా, నన్ను పెట్టుకోమంటావా?” అంది చిట్టెమ్మ, పమిట నడుముకు చుట్టి కుర్చీలో కూర్చుంటూ.

కోడలు మీనాకుమారి రిమోట్‌ను వీపు వెనక దాచుకుంది. “అది మీరు చూసేది కాదత్తయ్యా. బొమ్మల సీరియలే గానీ ఒకటే రక్తం. పద్దెనిమిదేళ్ళు నిండినోళ్ళకే అని ముందే వేస్తారు.”

“నాకు నిండనేదేటి?”

పక్క క్వార్టర్ ఎవాంజలిన్ కిసుక్కున నవ్వింది. ఆవిణ్ణి పిలిచింది కూడా చిట్టెమ్మే. ‘రక్తకవచం’ కొత్త సీజన్‌కి తెలుగు మాటలు రాసింది నా కోడలే అని పొద్దున్నే తాముండే ట్రాఫిక్ రైల్వే కాలనీలో ఆ వరస క్వార్టర్లన్నిటికీ చాటింపు వేసేసింది. టీవీలో కోడలి పేరు పడుతుందట, కళ్ళారా చూడాలట.

చూసిందంటే కొంప మునుగుతుంది. అది మీనా ఒక్కదానికే తెలుసు. ఇంట్లోనే కూర్చుని డబ్బింగ్ మాటలు రాసే పని ఆమెది. ఈ సీజన్‌లో క్రోడాన్ అని ఒక రాక్షసుడున్నాడు. తలకాయలు నలుపుతాడు, ఊళ్ళు తగలబెడతాడు. వాడికి ఎంత భీకరంగా రాసి పంపినా పైవాళ్ళు పస లేదని తిప్పికొట్టారు. విసుగెత్తి, వంటింట్లోంచి అత్తగారి మాట ఏది వినిపిస్తే అదే వాడి నోట్లో పెట్టేసింది. పైవాళ్ళు ఎగిరి గంతేశారు. ఇంత రక్తపాతం మా ఇంట్లో ఎవరు చూస్తార్లే అనుకుంది పిచ్చిది.

అప్పుడే వర్క్‌షాప్ నుంచి వచ్చిన మీనా మొగుడు ఫణీంద్రకి ఇదేమీ తెలియదు. “అమ్మ అంత ముచ్చటపడతంటే నీకేటే?” అని రిమోట్ లాక్కుని టీవీ పెట్టేశాడు.

తెర మీద ఊరు మండుతోంది. భటులు మోకాళ్ళ మీద కూర్చున్నారు. నల్ల కవచంలో క్రోడాన్ వచ్చి చుట్టూ చూశాడు.

“ఏటిది? ఒక్క పని సక్కగా సేసి సావరు గదా. ఊరు తగలెట్టమంటే సగం ఒగ్గేసినారు. ఆ సగం కూడా నేనే సేసుకోవాలా?”

ఫణీంద్ర గొంతులో టీ అడ్డం పడింది. అమ్మ వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, మళ్ళీ టీవీ వంక చూశాడు. ఎవాంజలిన్ పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. చిట్టెమ్మ మాత్రం కదల్లేదు, రెప్ప కూడా వేయలేదు.

“రేపటికల్లా పూర్తి చేస్తాం ప్రభూ,” అని వణికాడు సేనాని.

“ఠీక్ హై. నాకేటి. మీ ఇష్టమే సేసుకోండి,” అని క్రోడాన్ వాడి తలకాయ నలిపేశాడు.

ఆ ఇంట్లో ‘ఠీక్ హై, నాకేటి’ అని వినిపించిందంటే సాయంత్రం దాకా ఎవరూ నోరెత్తరు. తెర మీద సేనాని కూడా ఎత్తలేదు, పాపం నోరుంటే కదా.

“కట్టేస్తానత్తయ్యా,” అంది మీనా నీరసంగా.

“ఒగ్గేయ్. సూడనీ.”

మీనాకు ఏడుపొచ్చేసింది. తను లాప్‌టాప్ ముందు కూర్చుంటే చప్పుడు చెయ్యకుండా అన్నం కంచం పక్కన పెట్టి పోయే మనిషి. కోడలి పేరు చూస్తానని క్వార్టర్లన్నీ చాటి వచ్చిన మనిషి. అలాంటి మనిషిని తీసుకెళ్ళి రాక్షసుణ్ణి చేసింది. రేపు ఈ వరస వరసంతా చెప్పుకుని నవ్వుతారు. ఇక ఈవిడ మొహం ఎలా చూడడం?

క్రోడాన్ ఇంకో రెండు ఊళ్ళు తగలబెట్టి, మూడోదాని దగ్గర “నా సేతులు పడిపోతన్నాయి, ఒక్కరైనా అందుకుంటారా?” అని నిట్టూర్చాక ఎపిసోడ్ అయిపోయింది. ‘తెలుగు మాటలు: మీనాకుమారి’ అని పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

“పొయ్యి మీద అన్నం పెట్టొచ్చినాను,” అని ఎవాంజలిన్ జారుకుంది. ఫణీంద్ర తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు.

చిట్టెమ్మ మెల్లగా లేచి కోడలి దగ్గరకొచ్చింది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

“తప్పు చేసినానత్తయ్యా,” అంది మీనా తల దించుకుని. “మనసులో ఏం పెట్టుకుని రాయలేదు. రోజూ చెవిన పడే మాటలు కదా, అలా వచ్చేసినాయి.”

“తప్పేటే? ఆ రాచ్చసుడెవులో ఇంటే నాకు తెలీదేటి?”

మీనా కళ్ళు గట్టిగా మూసుకుంది. చిట్టెమ్మ రెండు చేతులతో కోడల్ని గుండెలకు హత్తుకుని, తల నిమిరింది.

“ఇన్నాళ్ళూ కడుపులో దాసుకుని నాకొక్క మాటైనా సెప్పినావు కాదు. పుట్టింట్లో ఎన్ని పడ్డావే నా తల్లీ! ఆడు అచ్చం మీ అమ్మే.”